ఆ పంపు గది తాళంచెవి ఇటివ్వండి

అపార్ట్‌మెంట్లు అమ్మేటప్పుడు రంగుల కాగితం మీద అందరి కళ్ళూ పడేది స్విమ్మింగ్ పూలు మీదే. అందరూ వచ్చి కాపురాలు పెట్టాక అన్నిటికంటే ముందు పాడయ్యేదీ అదే. నాలుగేళ్ళు తిరిగేసరికి నీలం నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి. ఆ పైన గేటుకి తాళం పడుతుంది. ఇక ఒక మీటింగులో ఎవరో లేచి "ఎందుకొచ్చిన గొడవండీ, మట్టి పోసి పూడ్చేస్తే పది కార్లు పెట్టుకోవచ్చు" అంటారు. అందరూ తలూపుతారు.

ఆ తలూపేవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉండటమే నాకు బాధ. పూలు మూతపడితే మొట్టమొదట నష్టపోయేది మనమూ, మన ఆడపిల్లలూనూ.

మగపిల్లాడు ఈత నేర్చుకోవాలంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. సెలవులకి ఊరెళితే బాబాయో మావయ్యో వీపుకి బెండు కట్టి బావిలోకో కాలవలోకో దించుతాడు. అదే ఆడపిల్ల అడిగితే? "నీకెందుకే, గట్టు మీద కూర్చుని అన్నయ్య బట్టలు చూస్తుండు" అంటారు. మన తరంలో ఎంతమందిమి అలా గట్టు మీద కూర్చున్నవాళ్ళమో లెక్క పెట్టుకోండి. నలుగురి కళ్ళూ పడకుండా, గేటు లోపల, ఇంటికి నాలుగడుగుల దూరంలో నీళ్ళుంటే ఆ పిల్లకి ఈత వస్తుంది. ఆ నీళ్ళని కారు పార్కింగు చేస్తామంటే ఊరుకుందామా?

ఈత షోకు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. మన దేశంలో ఏటా 30 వేలకు పైగా ప్రాణాలు ఇలా పోతున్నాయి. చెరువు గట్టున బట్టలుతుకుతూ జారిపడిన తల్లీ, పుష్కరాల్లో కాలు జారిన అత్తగారూ, విహారయాత్రకి వెళ్ళి తిరిగి రాని కాలేజీ పిల్లలూ... పేపర్లో రోజూ చదువుతూనే ఉన్నాం.

"అసలు పాడైందేమిటి?"

మా పూలు 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మూశారు. 2021 ఫిబ్రవరి నుంచి ఈతకొలనులు అందరికీ తెరవొచ్చని కేంద్రం చెప్పింది. మాది మాత్రం తెరుచుకోలేదు. పంపు తిరగలేదు, ఫిల్టరు పోయిందన్నారు. చూడటానికొచ్చిన కాంట్రాక్టరు "మొత్తం మార్చాల్సిందే" అని లక్షల్లో అంకె చెప్పి వెళ్ళాడు. ఆ అంకె చూసే పార్కింగు మాట పుట్టింది. "ఏం పాడైందండీ?" అని అడిగితే మా సెక్రటరీగారు నవ్వేసి "మీ ఆడవాళ్ళ జుట్టూ, తలకి రాసే కొబ్బరినూనే. ఇక ఆ మోటార్ల గోల మీకెందుకు లెండమ్మా" అన్నారు.

అంత మాటన్నాక ఊరుకుంటామా? తాళం తీయించి నలుగురం లోపలికి వెళ్ళాం. మోటార్లు బాగుచేసే పెద్దాయన్ని ఒకర్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. ఆయన విప్పి చూపిస్తుంటే తెలిసింది, ఇదేమీ బ్రహ్మవిద్య కాదని.

స్కూలు పుస్తకంలో కుండల మీద కుండలు పేర్చిన బొమ్మ గుర్తుందా? పై నుంచి పోసిన నీళ్ళు ఇసుకలోంచి దిగి కింది కుండలో తేటగా పడతాయి. ఇదీ అంతే. పూలులోని నీళ్ళని పంపు లాగుతుంది. ముందు ఒక చిల్లుల బుట్టలోంచి వెళతాయి. ఆకులూ వెంట్రుకలూ అక్కడ ఆగుతాయి. తర్వాత పెద్ద డ్రమ్ములో ఇసుక మీద పడి, అందులోంచి దిగి, అడుగున దువ్వెన పళ్ళంత సన్నటి గీతలున్న గొట్టాల్లోంచి మళ్ళీ పూలులోకి చేరతాయి. ఇసుకకి మురికి పట్టాక నీళ్ళని కింది నుంచి పైకి తోస్తే ఇసుక లేచి, బియ్యం కడిగినట్టు మురికంతా బయటి కాలవలోకి పోతుంది. దాన్నే బ్యాక్‌వాష్ అంటారు.

మరి మా ఫిల్టరులో ఏం జరిగింది? బుట్ట నిండా కుళ్ళిన ఆకులు. డ్రమ్ము మూత తీస్తే పైన అట్టకట్టి, లోపల లడ్డూల్లా ఉండకట్టిన ఇసుక. నీళ్ళు ఇసుకలోంచి దిగడం మానేసి, ఆ ఉండల పక్క సందుల్లోంచి మురికితో సహా జారిపోతున్నాయి. అయిదారేళ్ళకోసారి మార్చాల్సిన ఇసుకని ఇల్లు కట్టిననాటి నుంచీ మార్చలేదు. వాల్వు పిడిని మోటారు ఆపకుండా తిప్పడంతో లోపలి రబ్బరు గాస్కెట్ చిరిగింది. పంపు ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుంది. ప్రెషరు చూపే మీటరు ముల్లు ఎప్పుడో ఆగిపోయింది.

ఇంతకీ కావలసినవి ఏమిటయ్యా అంటే, కొత్త ఇసుక, ఒక గాస్కెట్, పంపుకి ఒక సీలు, ఒక మీటరు. డ్రమ్ము బంగారంలా ఉంది! లక్షల మాట ఎక్కడికి పోయిందో చూడండి.

జుట్టు సంగతి కూడా తేల్చుకుందాం. వెంట్రుకలు ఆగడానికే బుట్ట పెట్టారు. దాన్ని వారానికోసారైనా తీసి కడగనిది ఎవరు? నూనె ఇసుకని అంటగడుతుందన్న మాట నిజమే. మగవాళ్ళ చెమటా, వాళ్ళు రాసుకొచ్చే క్రీములూ కూడా ఆ ఇసుకలోకే పోతాయి. అందుకని అందరికీ ఒకటే రూలు పెడదాం. దిగేముందు సబ్బుతో స్నానం, తలకి టోపీ. నైటీలతో, చున్నీలతో దిగొద్దని మన వాళ్ళకి మనమే చెప్పుకుందాం. ఆ దారాలు ఫిల్టరుకి అడ్డం పడతాయి, తడిసిన బట్ట బరువెక్కి మనిషినే కిందికి లాగుతుంది. మోకాళ్ళ దాకా ఉండే ఈత దుస్తులు బజార్లో దొరుకుతున్నాయి.

మనం గుర్తుపెట్టుకోవలసినవి

బాగుచేసేది మెకానిక్కే. కానీ సరిగ్గా చేస్తున్నాడో లేదో చూడటానికి మనకి కాస్త తెలిసుండాలి. మూత విప్పేముందు కరెంటు తీసేసి, డ్రమ్ములోని ఒత్తిడి వదలాలి. ఇసుక అంటే ఇల్లు కట్టే ఇసుక కాదు. సుమారు అర మిల్లీమీటరు పలుకున్న క్వార్ట్జ్ ఇసుక. అది పోసేముందు డ్రమ్ము సగానికి నీళ్ళు నింపాలి, లేకపోతే ఆ బరువుకి కింది గొట్టాలు విరుగుతాయి. తర్వాత ఎప్పుడైనా పూలు అడుగున ఇసుక కనబడితే గొట్టం విరిగిందనే అర్థం. పంపుని నీళ్ళు నింపకుండా ఆడిస్తే సీలు కాలిపోతుంది. వాల్వు పిడిని మోటారు ఆపాకే తిప్పాలి.

కడిగిన కొత్తలో మీటరు ఎంత చూపిస్తోందో డ్రమ్ము మీద పెయింటుతో రాయించండి. దానికంటే 8 నుంచి 10 పౌండ్లు పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. పక్కనున్న గాజులోంచి నీళ్ళు తేటగా కనబడేదాకా, అంటే రెండు మూడు నిమిషాలు చేస్తే చాలు. ఆ తర్వాత అర నిమిషం ఇసుకని సర్దుకోనివ్వాలి. మంచిదే కదా అని రోజూ కడిగితే నీళ్ళు దండగ. పైగా కొద్దిగా మురికి పట్టిన ఇసుకే సన్నటి మురికిని బాగా ఆపుతుంది.

ఫిల్టరు మురికి తీస్తుంది, క్రిముల్ని చంపేది క్లోరిను. అది లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. పిహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పిహెచ్ అంతకు మించితే ఎంత మందు పోసినా సరిగ్గా పనిచెయ్యదు. ఘాటు వాసన వస్తే మందెక్కువైందనుకుంటాం. చాలాసార్లు చెమటా, మూత్రమూ కలిసి క్లోరిను ఖర్చయిపోయిందని ఆ వాసనకి అర్థం. ఈ మందుని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. పొడిని నీళ్ళలో వెయ్యాలి, పొడి మీద నీళ్ళు పొయ్యకూడదు. అది కలిపే కుర్రాడికి చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు కొనివ్వని కమిటీకి పూలు నడిపే హక్కు లేదంటాను నేను.

నీళ్ళకి కరువైతే పూలేమిటి?

ఇది న్యాయమైన ప్రశ్న. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళకి కటకట వచ్చినప్పుడు, ఈతకొలనులకి తాగునీరు వాడితే 5 వేల రూపాయల జరిమానా అన్నారు. సబబే. కానీ లెక్క చూడండి. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతున్న పూలులో 1 లక్షా 8 వేల లీటర్లు పడతాయి. గంటకి 18 వేల లీటర్లు తోడే పంపుంటే ఆరు గంటల్లో ఆ నీళ్ళన్నీ ఒకసారి ఫిల్టరులోంచి వెళ్ళొస్తాయి. ఫిల్టరు బాగుంటే అవే నీళ్ళు నెలల తరబడి వాడుకోవచ్చు. ఎండకి ఆవిరైనంత, కడగడానికి పోయినంత నింపితే సరిపోతుంది. ఫిల్టరు పాడైన చోటే నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ ట్యాంకర్లు పిలుస్తారు. కాబట్టి నీళ్ళ మీద ప్రేమ ఉన్నవాళ్ళు ముందు ఫిల్టరు బాగుచేయమనాలి. నిజంగా కరువొచ్చిన ఏడు నింపొద్దు, అంతే.

ఇక పాడుపెట్టిన పూలు ఊరికే పడుండదు. నిలవ నీటిలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి. అంతకంటే భయం చిన్నపిల్లలతో. ఆకుపచ్చ నీళ్ళలో పిల్ల పడితే పైనున్న మనిషికి కనబడదు. అడుగు స్పష్టంగా కనబడని పూలులో ఎవర్నీ దించకూడదన్న రూలు అందుకే. తాళం విరిగిన గేటు పక్కన ఆడుకునేది ఎక్కువగా వాచ్‌మన్ పిల్లలే. ప్రమాదం వాళ్ళదీ, ఈత మన పిల్లలదీ అనడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. పూలు తెరిచిననాడు ఆ పిల్లలకి కూడా వారంలో ఒక గంట ఇవ్వాలి.

మన వేళలు మనకి

పూలు బాగయితే సరిపోదు. చల్లటి పొద్దుటిపూటా, సాయంత్రమూ మగవాళ్ళకిచ్చి, ఆడవాళ్ళకి మిట్టమధ్యాహ్నం ఒక గంట పడేస్తారు. ఆ వేళకి ఎవరూ రాకపోతే "చూశారా, ఆడవాళ్ళు రారు" అంటారు. పొద్దున్న పిల్లలు స్కూలుకి వెళ్ళిన తర్వాతి గంటా, ఉద్యోగాలు చేసేవాళ్ళకి సాయంత్రం ఒక గంటా, నేర్పడానికి ఒక మహిళా కోచ్. ఇంతకంటే మనం అడిగేదేముంది?

వయసైపోయిందని సిగ్గుపడకండి. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామలగారు నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంకకీ మనకీ మధ్యనున్న పాక్ జలసంధిని ఈదారు. మనం సముద్రాలు ఈదక్కర్లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరితే చాలు.

అపార్ట్‌మెంట్‌లో మెట్లూ లిఫ్టూ ఎలా అందరి ఉమ్మడి సొత్తో పూలూ అంతే. నెలనెలా మెయింటెనెన్సు కట్టే ఇంటి ఇల్లాలికి లెక్క అడిగే హక్కుంది. ఈ ఆదివారం మీ కమిటీని నాలుగు ప్రశ్నలు అడగండి. ఫిల్టరు ఇసుక మార్చి ఎన్నేళ్ళయింది? మీటరు పనిచేస్తోందా? క్లోరిను లెక్క రోజూ రాసే పుస్తకం ఉందా? పూలు అడుగున నీళ్ళు లాగే రంధ్రం మీద మూత గట్టిగా ఉందా? ఆ మూత లేకపోతే పంపు లాగుడుకి జడ ఇరుక్కుని పిల్ల పైకి రాలేదు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబొచ్చేదాకా ఎవర్నీ దించనివ్వకండి.

వంటింట్లో మిక్సీ ఆగితే, గ్రైండరు మొరాయిస్తే, గ్యాసు స్టవ్ మంట సరిగ్గా రాకపోతే చూసుకునేది మనమే. ఇసుక డ్రమ్ము అంతకంటే కష్టమేం కాదు. కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళని వేయించండి, పంపు గది తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గర పెట్టించండి. మట్టి లారీ వచ్చేలోగానే ఆ పని చేయండి.