ముడి దగ్గరే తెగుతుంది

నాగార్జునసాగరు కుడికాలవకు నీళ్ళు వదిలారన్న కబురు వస్తే పల్నాట్లో రైతుకు ఒక రకం సంబరం, గాలం వేసేవాడికి మరొక రకం సంబరం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు విడిచిన తరవాత ఈ రెండో సంబరం కూడా మాచర్ల మొదలు నరసరావుపేట దాకా అలవాటైపోయింది.

గట్టున చేరేవారిలో రెండు తెగలున్నాయి. వానపామునో పిండిముద్దనో గుచ్చి, బెండు మునిగేదాకా తపస్సు చేసేవారు ఒక తెగ. రబ్బరు కప్పనో, తళతళలాడే రేకుచేపనో విసిరి, లాగి, మళ్ళీ విసిరి, ఒక్కచోట నిలవనివారు రెండో తెగ. కొరమీను, వాలుగ వంటి వేటచేపలకు కదిలే ఎరంటేనే ఆశ గనక వారి దారి వారిది. ఈ వారం మాట ఆ రెండో తెగతో. చేప వండని ఇళ్ళవారు కూడా పేజీ తిప్పెయ్యకండి. సంగతి చేపది కాదు, ముడిది.

చేప పట్టింది, కర్ర వంగింది, "పెద్దదేరోయ్" అనేలోగా దారం తేలికయిపోయింది. చేపా పోయింది, ఎరా పోయింది. అప్పుడు దారం అమ్మిన కొట్టువాణ్ణి తిట్టుకోవడం ఆచారం. తిట్టేముందు చేతికి మిగిలిన కొసను వెలుగులో పెట్టి చూడండి. కొస గరుకుగా పీచులేచి వుంటే రాతి అంచు చేసిన పని అది. నాపరాళ్ళ సీమలో రాతి అంచులకు కొదవా? కొస పందితోకలా మెలికలు తిరిగి వుంటే దారం తెగనే లేదు, ముడి జారిపోయింది. ఈ రెండూ కాక, సరిగ్గా ముడి వున్నచోటే పుటుక్కున తెగివుంటే, దారాన్ని ముడే కోసిందన్నమాట.

ముడి కొయ్యడమేమిటంటారా? దారం తిన్నగా వున్నంతసేపూ బరువు పోగంతటిమీదా సమంగా పడుతుంది. ముడిలో అది చటుక్కున వంగుతుంది. వంపుకు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది. పైగా దారం తనమీద తానే అడ్డంగా పడి నొక్కుకుంటుంది. ఒకే మెలికతో అలవోకగా వేసిన ముడిలో నైలాను దారం బలం సగం దాకా పోవచ్చు. పది కిలోలు మోస్తుందని కొన్న దారం అయిదారు కిలోలకే చేతులెత్తేస్తుంది. ఆ ముడిని పొడిగా బిగించారా, ఒరిపిడికి వేడి పుట్టి నైలాను మరింత దెబ్బతింటుంది. అందుకే ఆరితేరినవాళ్ళు ముడిని ఉమ్మితో తడిపి, మెల్లగా బిగిస్తారు. చూడ్డానికి నాగరికంగా వుండదు గాని, శాస్త్రం వాళ్ళ పక్షానే వుంది.

మన తాతలకు ఈ బాధ ఇంతగా లేదు. వాళ్ళది నూలు దారం. నూలుకు నూగు వుంటుంది, ముడి వేస్తే తనను తానే పట్టుకుంటుంది. 1938లో అమెరికాలో డూపాంట్ కంపెనీ నైలానును ప్రకటించింది. ఆ తరవాత గాలపు దారం కంటికి కనపడనంత సన్నమూ, చేతికి దొరకనంత నునుపూ అయింది. దారం మారింది, తాతలు నేర్పిన ముడి మాత్రం మారలేదు. జారక ఏం చేస్తుంది?

దీనికి విరుగుడుగా వచ్చిందే ముడి లేని క్లిప్పు. పిన్నీసుకు చెల్లెలనుకోండి. తుప్పుపట్టని ఉక్కుతీగెను వంచి చేస్తారు. ఒక కొస పిన్నీసులా తెరుచుకుని ఎరను పట్టుకుంటుంది. రెండోవైపు దారానికి ముడి అక్కర్లేదు. కొక్కెంలాంటి వంపులో దారాన్ని దూర్చి, తీగె కాడకు నాలుగైదు చుట్లు చుట్టి, కొసను రెండో వంపులో ఇరికిస్తే సరి.

వట్టి చుట్లకు అంత చేప ఆగుతుందా అని అనుమానం రావచ్చు. బెదిరిన ఎద్దును ఆపాలంటే మీరేం చేస్తారు? పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటారు. ఎద్దు ఎంత గుంజినా చిన్నపిల్లవాడు సైతం ఆపగలడు. పడవవాడు రేవులో చేసేదీ ఇదే. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త దీనికి లెక్క కట్టాడు. ఒరిపిడి ఓ మోస్తరుగా వుంటే, ఒక చుట్టుతో కిలో పట్టు మూడున్నర కిలోలను ఆపుతుంది, మూడు చుట్లకు నలభై కిలోలు దాటుతుంది. చుట్టుచుట్టుకూ హెచ్చవేతే గాని కూడిక కాదు. పైగా బరువు ఒక్క వంపు మీదే పడకుండా చుట్లన్నిటిలోనూ పంచుకుపోతుంది.

అయితే ఇది సర్వరోగ నివారిణేమీ కాదు. జడలా అల్లిన సన్నదారాలు మరీ నునుపు, వాటికి చుట్లు ఎక్కువ కావాలి. చిన్న ఎరకు పెద్ద క్లిప్పు తగిలిస్తే ఎర ఈదదు, మునుగుతుంది. నాచు వున్నచోట క్లిప్పు నాచును ఏరుకొస్తుంది. వాలుగ పళ్ళకు క్లిప్పు ఒక్కటే జవాబు కాదు, ఎరకు ముందు జానెడు ఉక్కుతీగె వుండాలి. రోజంతా ఒకే ఎర వేసేవాడికి తడిపి బిగించిన మంచి ముడి చాలు, క్లిప్పు దండగని నా అభిప్రాయం.

మరి ఎవరికి? గట్టుమీద సాయంత్రం పూట ఇలాంటి మాటలు వినపడుతుంటాయి.

"ఒరే అల్లుడూ, ఈ కన్నంలోకి కాస్త దారం ఎక్కించరా, నాకు ఆనడం లేదు."

"ఇందాకేగా ఎక్కించాను మామా! మళ్ళీ మారుస్తావా?"

ఆ మామకు కావాలి క్లిప్పు. ఎర మార్చినప్పుడల్లా బెత్తెడు దారం కోసి పారెయ్యనక్కర్లేదు, అల్లుణ్ణి బతిమాలనక్కర్లేదు. బెత్తెడే కదా అని గట్టున పారేసిన నైలాను కుళ్ళదు. ఏళ్ళ తరబడి పడివుండి కొంగ కాలికో, కాకి మెడకో చుట్టుకుంటుంది. తెగిన ఎరతో పారిపోయిన చేప సంగతి మరీ అన్యాయం. నోట్లో కొక్కేలతో అది తిననూలేదు. దాని చావు మన పళ్ళెంలోకి రాదు, లెక్కలోకీ రాదు.

అన్నట్టు, క్లిప్పు వుంది కదా అని ఎత్తిపోతల దగ్గర చంద్రవంకలో ఎర విసరకండి. అక్కడ మొసళ్ళ పెంపకకేంద్రం వుంది. ఆయిలర్ లెక్క మొసళ్ళకు పనికిరాదు. జలాశయాల్లోనూ చెరువుల్లోనూ అనుమతి వుందో లేదో, చేపలు గుడ్లుపెట్టే వానాకాలపు నిషేధం ఎన్నాళ్ళో ముందే కనుక్కోవాలి.

నా మాటమీద నమ్మకం లేకపోతే పిల్లలచేత ఇంట్లోనే పరీక్ష చేయించండి. అయిదు కిలోల దారం తీసుకోండి. పై కొసను నున్నని కర్రకు పది చుట్లు చుట్టి, కొస జారకుండా చూడండి. అక్కడ ముడి వేస్తే అక్కడే తెగుతుంది. కింది కొసకు ఒకసారి మామూలు ముడితో, ఒకసారి తడిపి వేసిన ముడితో, ఒకసారి క్లిప్పుతో, ప్రతిసారీ కొత్త దారంతో, బకెట్టు వేలాడదీయండి. బకెట్టు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులోనే వుండాలి. లీటరు నీళ్ళంటే కిలో బరువు కదా, కొలిచి చెంబుతో పొయ్యండి. తెగిన క్షణాన అంకె రాసుకోండి, బకెట్టు బరువు కలపడం మరవకండి. ఇదంతా పెరట్లో చెయ్యండి. వంటింట్లో చేస్తే ఆ తరవాత ఇంటావిడతో వచ్చే రభసకు ఈ శీర్షిక బాధ్యత వహించదు.