చుక్కల వెనక సంగతి

ప్రొద్దుటూరులో నగలు చేసే మనిషికి కంటి డాక్టరు చుక్కలు వేశారంటే ఆ పూట పని పోయినట్టే. టంకం ఎక్కడ అతకాలో కనపడదు. జమ్మలమడుగు మగ్గం మీద తెగిన పోగు చేతికి చిక్కదు. పులివెందులలో మిట్టమధ్యాహ్నం బండెక్కి చీనీ తోటకు బయలుదేరితే ఎండ సూదుల్లా గుచ్చుతుంది. అందుకే చాలామంది "చుక్కలొద్దు సార్, అద్దాలు రాసివ్వండి చాలు" అనేస్తారు.

అద్దాల నంబరు కోసమే అయితే సరే. కానీ డాక్టరు చూడాలనుకునేది కంటి వెనకున్న నరాన్ని. పది లక్షలకు పైగా పోగులున్న ఈ దృష్టినాడి కొస కంట్లో ఒకటిన్నర మిల్లీమీటర్ల చుక్కలా కనిపిస్తుంది. అది పాలిపోయిందా, ఉబ్బిందా, మధ్యలో గుంట పెద్దదైందా అన్నది చిన్న పాపలోంచి చూసి తేల్చడం కిటికీ సందులోంచి ఇల్లంతా చూడబోవడమే. ట్రోపికమైడ్ చుక్క పాపను ముడిచే కండరాన్ని వదులు చేస్తుంది. ఫినైలెఫ్రిన్ కలిస్తే ఇంకాస్త విచ్చుకుంటుంది. ఇరవై, ముప్పై నిమిషాల్లో తలుపు తెరిచినట్టే! (చేలగట్ల మీది ఉమ్మెత్త రసం తగిలినా పాప ఇలాగే విచ్చుకుంటుంది. దాన్ని తాకిన చేత్తో కళ్లు నులుముకోకండి.)

అయితే చుక్కలకు ముందే చేయాల్సిన పని ఒకటుంది. డాక్టరు టార్చిలైటును ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి మార్చి వేస్తారు. నరం దెబ్బతిన్న కంటి మీదకు వెలుగు రాగానే పాప ముడుచుకోవాల్సింది పోయి విచ్చుకుంటుంది. చుక్కలు పడ్డాక రెండు పాపలూ కదలవు, ఆ సాక్ష్యం పోయినట్టే. రంగుల పరీక్ష, కంటి పీడనం కూడా ముందే చూడటం మేలు. కంటి కోణం ఇరుకుగా ఉన్నవాళ్లకు చుక్కలతో పీడనం ఒక్కసారిగా పెరగొచ్చు కాబట్టి అదీ చూస్తారు.

ఇంత తతంగం ఎందుకంటే, నీటికాసుల జబ్బు నొప్పి లేకుండా నరాన్ని తినేస్తుంది. పీడనం మామూలుగా ఉన్నా తినొచ్చు. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996లో మొదలుపెట్టిన సర్వేలో హైదరాబాదులో ఈ జబ్బు ప్రధాన రకం ఖాయంగా తేలినవాళ్లు 27 మంది. తమకు ఆ జబ్బుందని అప్పటికే తెలిసినవాళ్లు ఇద్దరే. పోయిన చూపు తిరిగి రాదు. క్షయకు వాడే ఇథాంబుటాల్ కూడా కొందరిలో నరాన్ని దెబ్బతీస్తుంది. ఆ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పాలి. ఎరుపు, పచ్చ వెలిసినట్టనిపిస్తే ఆగకూడదు.

మసక మామూలుగా నాలుగైదు గంటలుంటుంది, కొందరికి మర్నాటిదాకా కూడా. కొట్టు సెలవు రోజు చూసుకుని, తోడు మనిషితో బస్సులో వెళ్లడం మంచిది. నల్లద్దాలు లేకపోతే గొడుగైనా చాలు. ఇంటికొచ్చాక కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పెట్టినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించి వాంతులైనా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి.