లిఖిత ప్రతుల డేటాబేస్‌కు అధికారి ఎవరు?

శాస్త్రగ్రంథారంభంలో విషయ ప్రయోజన సంబంధాలతోపాటు అధికారిని కూడా నిరూపించడం మన సంప్రదాయం. ఆ అనుబంధ చతుష్టయాన్ని ఏటా విద్యార్థులకు బోధించే మనమే, లిఖిత ప్రతుల సూచికలను కంప్యూటర్‌లో నిక్షిప్తం చేసేటప్పుడు అధికారి విచారణను విస్మరిస్తున్నాం. విషయం ఉంది, ప్రయోజనం ఉంది. కాని ఈ సూచికలో అక్షరం మార్చడానికి ఎవరు అధికారి అని అడిగితే చాలాచోట్ల వచ్చే సమాధానం ఒక్కటే: ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్, అది గదిలో అందరికీ తెలుసు. ఈ మాట ఏ ఒక్క సంస్థను ఉద్దేశించి అంటున్నది కాదు.

ఇటువంటి సూచికా రచన ఏక వ్యక్తి సాధ్యం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్నే చూడండి. అక్కడ ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది, 1954లో ఏర్పడిన సంస్కృత అకాడమీ ఉంది. పొరుగున తార్నాకలో రాష్ట్ర పురాలేఖ భాండాగారం ఉంది. ఒకచోట సంస్కృతాంధ్ర తాళపత్రాలు, అరబ్బీ పారసీక ఉర్దూ ప్రతులు. మరొకచోట మొగలాయి కాలపు పారసీక పత్రాలు. తాళపత్రం చదివే పండితుడు ఫర్మానా చదవలేడు. ఫర్మానా చదివే విద్వాంసునికి తాళపత్రపు లిపి కొత్త. 2003లో జాతీయ లిఖిత ప్రతుల మిషన్ ఏర్పడిన తరువాత ప్రతుల వివరాలు దేశవ్యాప్తంగా ఒకే డేటాబేస్‌కు చేరసాగాయి. అంటే ఒక పట్టికను అనేక హస్తాలు తాకుతున్నాయి. వాటిలో ఏ హస్తం ఏ అక్షరం రాసిందో తెలియకపోతే కలిగే నష్టం ఎంతటిదో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక తాళపత్ర ప్రతి చివర లేఖకుడు తన పేరు, ప్రభవ నామ సంవత్సరం, మాసం, తిథి, వారం రాశాడనుకుందాం. శకవర్షం లేదు. ప్రభవ 1747లో వచ్చింది, 1807లో వచ్చింది, 1867లోనూ వచ్చింది. ఒక పండితుడు తిథి వారాలు గణించి, లిపి పరిశీలించి 1807 అని నమోదు చేశాడు. కొన్నాళ్లకు మరొకరు దాన్ని 1867గా మార్చారు. అరవై ఏళ్ల తేడా స్వల్పం కాదు. 1867 నాటి ప్రతి అచ్చు పుస్తకం చూసి రాసుకొన్నదై ఉండవచ్చు. 1807 నాటి దానికి పాఠపరిష్కరణలో వేరే విలువ. ఎవరు మార్చారు? కొత్త ఆధారం దొరికిందా, వేలు జారిందా? అందరిదీ ఒకే యూజర్ నేమ్ అయితే ఈ ప్రశ్నకు ఆ డేటాబేస్ ఎన్నటికీ సమాధానం చెప్పలేదు. పాత సంఖ్య కూడా చెరిగిపోయి ఉంటుంది. ప్రతి రాసిన లేఖకుడు దోషాలకు మన్నింపు కోరుతూ అయినా తన పేరు చెప్పుకొన్నాడు. ఆ ప్రతిని చదివిన పరిశోధకుడు అజ్ఞాతంగా మిగిలిపోయాడు. బ్రౌను వద్ద గ్రంథపరిష్కరణ చేసినవారిలో జూలూరి అప్పయ్య వంటి కొందరి పేర్లే మనం స్మరిస్తున్నాం. ఆ లోపాన్ని నేటి యంత్రంలోనూ కొనసాగించడం అవివేకం.

డేటాబేస్ శాస్త్రజ్ఞులు ఈ విచారణ ఎప్పుడో చేశారు. 1970లో కాడ్ సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించాడు. 1976లో ఐబీఎం పరిశోధకులు గ్రిఫిత్స్, వేడ్ అధికార ప్రదాన వ్యవస్థను వివరించారు. గ్రాంట్ అంటే అధికారమివ్వడం, రివోక్ అంటే ఉపసంహరించడం. ఇచ్చిన అధికారాన్ని ఇతరులకు ఇచ్చే అధికారం కూడా ఇవ్వవచ్చు; మూలవ్యక్తి నుండి ఉపసంహరిస్తే, అతని ద్వారా మాత్రమే పొందినవారిదీ తొలగిపోతుంది. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. అష్టాధ్యాయిలో అంగాధికారం ఆరవ అధ్యాయం నాలుగవ పాదంలో మొదలై ఏడవ అధ్యాయాంతం వరకే ప్రవర్తిస్తుంది. అవధి లేని అధికారాన్ని పాణిని ఎక్కడా ఇవ్వలేదు. మనం మాత్రం ఆరు నెలల ఒప్పందంపై వచ్చిన టైపిస్టుకు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను అతడు వెళ్లిపోయిన తరువాతా మార్చం.

అధికారాలను వ్యక్తులకు కాక పాత్రలకు ఇచ్చి, ఆ పాత్రలను వ్యక్తులకు అప్పగించడం మేలు. పాఠకునికి చూసే అధికారం చాలు. టైపిస్టు కొత్త నమోదు చేర్చవచ్చు, ఉన్నదాన్ని మార్చరాదు. పండితుడు తన భాషాలిపుల పరిధిలో సవరించవచ్చు. పాత పాఠం మాత్రం అతని పేరుతో, తేదీతో, కారణంతో చరిత్రపట్టికలో నిలవాలి. తొలగించే అధికారం దైనందిన వ్యవహారంలో ఎవరికీ అక్కరలేదు. ఇక చిక్కంతా యంత్ర నిర్వాహకునితోనే. నందినాగరి అక్షరం ఒక్కటీ చదవలేకపోయినా అతడు సర్వాధికారి. అందుచేత మార్పుల చిట్టా అతని చేతికందని మరో యంత్రంలో ఉండాలి.

వేరు వేరు పాస్‌వర్డ్‌లు అడగడం సహోద్యోగులను శంకించడమేనని కొందరు పెద్దలు నొచ్చుకొంటారు. ఈ అభ్యంతరంలో సౌజన్యం ఉందేగాని యుక్తి లేదు. ఉమ్మడి ఖాతాలో తప్పు దొర్లినప్పుడు అపవాదు పడేది సాధారణంగా అందరికంటే చిన్న ఉద్యోగి మీదనే. ప్రత్యేక నామమే అతనికి రక్ష.

పదవీ విరమణ చేసినవారి ఖాతాను తొలగించడం మరో పొరపాటు. ఒరాకిల్‌లో కాస్కేడ్ అనే మాట చేర్చి యూజర్‌ను తొలగిస్తే అతని పేర ఉన్న పట్టికలన్నీ పోతాయి. పోస్ట్‌గ్రెస్ కొంత నయం. ఆస్తి ఉన్న పేరును తొలగించనివ్వదు, ముందు మరొకరికి బదలాయించమంటుంది. ఖాతాకు తాళం వేసి పేరును అలాగే ఉంచడం ఉత్తమం.

పేర్ల విషయంలో మన తెలుగువారి ఇబ్బంది ఒకటుంది. ఒకే విభాగంలో ఇద్దరు కె. శ్రీనివాసరావులు ఉండటం వింత కాదు. వేంకటేశ్వర్లును రోమన్ లిపిలో ఎన్ని విధాల రాయవచ్చునో చెప్పనక్కరలేదు. పదవి పేరే ఖాతా పేరైతే బదిలీ తరువాత పాత వ్యక్తి పని కొత్త వ్యక్తి లెక్కలో పడుతుంది. రాష్ట్రం పేరు చేర్చుకొన్న ఖాతాలకు 2014 తరువాత అర్థమే మారింది. కనుక ఒక్కొక్కరికి మారని క్రమసంఖ్య ఇచ్చి, దాని పక్కన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలుగులో, చేరిన తేదీ, వీడిన తేదీ, చదవగల లిపులు రాసిన పట్టికను సూచికతోపాటే భద్రపరచాలి.