వారం రోజుల కారు కోర్సులో చేరే ముందు

వేసవి సెలవులొస్తే చాలు, కరెంటు స్తంభాల మీదా ఆటోల వెనకా డ్రైవింగ్ స్కూళ్ల ప్రకటనలు కనిపిస్తాయి. వారంలో కారు, పది రోజుల్లో కారు అంటూ తొందరగా అయిపోతుందన్న మాటనే ముందు పెట్టి అమ్ముతారు. అలాంటి కోర్సులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం ఈ కరపత్రం. మొదటిసారి స్టీరింగ్ పట్టేవారు ఈ కోర్సుల్లో చేరవద్దు. అదే సొమ్ముతో, అవే గంటలను నెల పొడవునా పరచుకుని నేర్చుకోవాలి. స్కూళ్లు అలా నేర్పేలా చూసే పని రవాణా శాఖది.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సొంత కారు నడపడం నేర్పే శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు. ఆ శిక్షణలో నేర్చుకునే మనిషి స్వయంగా బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట చొప్పున పదిహేను రోజులు నేర్పితే వచ్చేది ఏడున్నర గంటలే, అంటే ఆ కోర్సు కూడా రెండు లెక్కల్లోనూ తప్పినట్టే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు, అంటే ఎల్ఎల్‌ఆర్, చేతికొచ్చాక 30 రోజులు నిండనిదే డ్రైవింగ్ టెస్టుకు రానివ్వరు. కాబట్టి ఎల్ఎల్‌ఆర్ తీసుకుని వారంలో కోర్సు ముగించినవారికి లైసెన్సు ఒక్క రోజు కూడా ముందు రాదు. ఏడో రోజున స్కూలు మానేసి, టెస్టు దాకా మూడు వారాల పైచిలుకు బండి ముట్టకుండా కూర్చుంటే, అప్పుడప్పుడే క్లచ్ మీద కుదురుకుంటున్న కాలు మళ్లీ మొదటికొస్తుంది. ఎలాగూ ఆగక తప్పని ఆ నెల రోజులనూ నేర్చుకోవడానికే వాడుకుంటే పోయేదేమీ లేదు.

గంటలు అవే అయినప్పుడు వారంలో నేర్చుకుంటే ఏం, నెలలో నేర్చుకుంటే ఏం అని అడగవచ్చు. దీనికి ఒక పాత పరిశోధన మంచి జవాబిస్తుంది. బ్రిటన్ తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పిన తీరు మీద బాడ్లీ, లాంగ్‌మన్ చేసిన అధ్యయనం 1978లో అచ్చయింది. రోజుకు ఒక్క గంటే నేర్చుకున్నవారు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవారి కంటే తక్కువ గంటల్లో అదే నైపుణ్యానికి చేరారు. అయినా తమ శిక్షణ పట్ల తక్కువ తృప్తి పడింది ఆ గంట జట్టువారే, ఎందుకంటే వారికి ఎక్కువ రోజులు పట్టాయి. తొందర కోర్సులు అంతగా ఎందుకు అమ్ముడుపోతాయో ఇక్కడే తెలుస్తుంది. టైపింగ్ వేరు, కారు వేరు, నిజమే. అయినా చేతులకూ కాళ్లకూ కళ్లకూ పొందిక కుదరడం రెండింటికీ కావాలి, కారుకు మరీ ఎక్కువగా కావాలి. స్వీడన్ 1993లో కారు నేర్చుకోవడం మొదలుపెట్టే వయసును పదిహేడున్నర నుంచి 16కు తగ్గించి, లైసెన్సు వయసును మాత్రం 18గానే ఉంచింది. ఆ అవకాశం వాడుకున్నవారు సగటున సుమారు 118 గంటలు సాధన చేశారు. లైసెన్సు వచ్చాక వారి ప్రమాదాలు దాదాపు 40 శాతం తక్కువగా తేలాయి. ఆ తగ్గుదలంతా సాధన వల్లే వచ్చిందని పరిశోధకులు కూడా అనలేదు. అంత జాగ్రత్తగా చదివినా, 118 గంటల పక్కన మన పది గంటలు ఎంత చిన్నవో కనిపిస్తూనే ఉంది. అందులోనూ కోత పెడితే ఇక మిగిలేదేమిటి?

నెల రోజులు నేర్చుకుంటే రోడ్డు తన రకరకాల ముఖాలు చూపిస్తుంది. వారమంతా తెల్లవారుజామున ఖాళీ కాలనీ వీధిలోనే తిరిగినవారికి సంతనాటి రద్దీ తెలియదు, వానలో అద్దం మసకబారడం తెలియదు, ఎదుటి బండి హై బీమ్ కళ్లలో కొట్టినప్పుడు ఏం చేయాలో తెలియదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. డివైడర్ పక్కనే రాంగ్ రూటులో బైకు వస్తుంది. వీటిని మొదటిసారి చూసేటప్పుడు పక్కన బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్న గురువు ఉండాలి.

టెస్టు పాసైతే చాలదా అనేవారికి ఒక మాట. ట్రాక్ మీద ఎనిమిది వేయడం, హెచ్ గీతల మధ్య రివర్స్ తీయడం బండి మీద అదుపును మాత్రమే చూపిస్తాయి. అక్కడ ఎదురుగా లారీ రాదు, గేదెలు అడ్డం రావు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అతివేగమే అందులో పెద్ద కారణం, అన్నిటినీ శిక్షణ మీదికి తోయడం న్యాయం కాదు. కానీ ఎంత వేగం ఎక్కడ ఎక్కువో తెలియడం కూడా శిక్షణలో భాగమే. ఇక సెలవు దొరకదన్న ఇబ్బంది నిజమైనదే. రోజు కూలీకి, ప్రైవేటు ఉద్యోగికి, ఇంటి పనంతా మీద వేసుకున్న గృహిణికి రోజూ గంట తీరిక దొరకడం కష్టం. వారికి రోజు విడిచి రోజు పాఠం, ఆదివారం పాఠం ఇచ్చే స్కూలు కావాలి. ఎల్ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది కనుక అందుకు చట్టం అడ్డురాదు.

తొందర కోర్సు పనికొచ్చేవారూ ఉన్నారు. లైసెన్సు ఉండి ఏళ్ల తరబడి నడపనివారికి, అమెరికాలో ఆటోమేటిక్ కారుతో కుడి పక్కన నడిపి వచ్చి ఇక్కడి ఎడమ వరుసకూ క్లచ్‌కూ అలవాటు పడాల్సినవారికి నాలుగైదు రోజుల గట్టి సాధన చాలా మేలు చేస్తుంది. వారికి రోడ్డు కొత్త కాదు, బండి మీద చేయి తిరగాలి, అంతే.

ప్రతి స్కూలూ ఎవరు ఏ రోజు ఎంతసేపు నడిపారో ఫారం 15 అనే రిజిస్టరులో రాయాలని నిబంధన ఉంది. డబ్బు కట్టే ముందు ఆ రిజిస్టరు చూపించమనండి. మీ పేరున రోజువారీ సమయం రాసి, మీ సంతకం తీసుకుంటారో లేదో అడగండి. వెనకాడే స్కూలులో చేరకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు స్కూలు ద్వారా టెస్టుకు వచ్చే ప్రతి ఒక్కరి ఫారం 15 నకలును, అభ్యర్థి సంతకాలతో సహా, టెస్టు రోజున అడిగి చూడాలి. 21 రోజులు, 10 గంటలు నిండనివారిని టెస్టుకు అనుమతించకుండా ఆ స్కూలుకు నోటీసు ఇవ్వాలి. ఈ కోరికతో మీ జిల్లా రవాణా అధికారికి ఒక అర్జీ రాయండి, పక్కింటివారి చేత కూడా సంతకం పెట్టించండి.