పేరులేని తేనెటీగ

తేనెటీగ యన్నంతనే మనకు తేనెపట్టు జ్ఞప్తికి వచ్చును. కాని లోకమున నెన్నబడిన 20,000కు పైబడిన తేనెటీగజాతులలో నధికసంఖ్యాకములు పట్టు పెట్టవు. నేలబొరియలలోనో బోలుపుల్లలలోనో ఒంటరిగా గూడు కట్టుకొనును. వంగపూవును కంపింపజేసి పుప్పొడి రాల్చునవి యిట్టి యీగలలోనివే. పట్టుతేనెటీగ కా విద్య తెలియదు. కందిపూవునకును ఇవి యుపకారులు.

వీనిలో పేరైన లేనివి నేటికిని గలవు. క్రొత్తజాతిని కనుగొంటిమన్న చాలదు. మూలనమూనాను భద్రపరచి, రెక్కల యీనెలు, ముఖము, కాలిరోమములు వర్ణించి, పేరిడి ప్రకటించిననే శాస్త్రము దాని నంగీకరించును. మన దేశపు తేనెటీగలను వర్ణించిన బింగ్‌హామ్ దొర గ్రంథము 1897లో లండనున నచ్చయినది. ప్రాచీనపు మూలనమూనాలు పెక్కులు నేటికి నచ్చటనే యున్నవి. మన చేని యీగను పోల్చుకొనుటకు మన విద్యార్థి సముద్రము దాటవలెనా?

ఈ లోపము తీర్చు సాధనము మన వాకిటనే యున్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, తార్నాక ప్రక్కనే, మట్టినేలయు పొదలును ఇంకను గలవు. అచ్చటి యొంటరి యీగలను ప్రతి ఋతువునందును సేకరించి, వర్ణించి, నమూనాల నిచ్చటనే నిలుపుట యాచార్యుల విధి. ఆ నేలను సిమెంటుతో కప్పకుండుట పాలకుల విధి. పేరు పెట్టకమున్నే నశించినదాని లెక్క యెవ్వరికిని దొరకదు.