నీళ్ళలో గేదె, గట్టు మీద బేరం

గేదెను నీళ్ళలో ఉంచి గట్టు మీద బేరమాడడం మనకు పాత సామెత. కొల్లేటి పక్క ఊళ్ళవారికి దాని అర్థం విప్పి చెప్పనక్కరలేదు. ఆ బేరం ఇప్పుడు డాబాల మీదికి ఎక్కింది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో ఇంటిమీద సోలార్ పెట్టిస్తామంటూ ఇస్తున్న కొటేషన్లలో నేను చూసినవాటి మీద నా అభియోగం ఒక్కటే: వాటిలో ధర ఉంటుంది, సరుకు ఉండదు. సరుకు తెలియని ధరలను పక్కపక్కన పెట్టి చూడడాన్ని పోల్చడం అనరు, చీట్లు తీయడం అంటారు.

నా చేతికి వచ్చినవి మూడు. ఒకటి 1,75,000, ఒకటి 1,98,000, మరొకటి 2,20,000. మూడూ 3 కిలోవాట్లకే. ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. మొదటిదానికీ మూడవదానికీ నడుమ ఉన్న 45,000 రూపాయల తేడా ఏ వస్తువులో ఉందో ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేసినా తేలదు. తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లిపాయలు కొనేవాడు బస్తా విప్పించి, పాయ నొక్కి చూసి, తడి ఆరిందని నమ్మకం కుదిరాకే ధర మాట్లాడతాడు. అది కొన్నాళ్ళకు కుళ్ళిపోయే సరుకు. ఇది పాతికేళ్ళు నెత్తిమీద ఉండే సరుకు. దానికి చూపే శ్రద్ధ దీనికి అక్కరలేదా?

మొదటి కాగితంలో పెద్ద అక్షరాలతో కనిపించేది 1,75,000 కూడా కాదు, 97,000. సబ్సిడీ 78,000 తీసివేసిన లెక్క అది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకూ అంతకు మించినవాటికీ 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. ఆ డబ్బు పని పూర్తయి, తనిఖీ ముగిశాక వినియోగదారుని బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందుగా మొత్తం కట్టవలసినవాడు, లేదా అప్పు తేవలసినవాడు ఇంటివాడే. పైగా ఆ సబ్సిడీ ముగ్గురిలో ఎవరి దగ్గర కొన్నా ఒక్కటే. ప్రభుత్వం ఇచ్చేదాన్ని తమ తగ్గింపుగా చూపడం ఊరి చెరువు నీళ్ళు మన కావిడితో మోసి మనకే దానం చేయడం. అది కూడా దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళకే వర్తిస్తుంది. ఆ సంగతి కొటేషన్‌లో రాతపూర్వకంగా లేకపోతే 78,000 అన్న అంకెకు ఆధారం ఏమిటి?

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సరుకు 70 శాతం, పని 30 శాతం అని విడదీసే పద్ధతిలో మొత్తం మీద పడే భారం 13.8 శాతం నుంచి 8.9 శాతానికి దిగింది. పన్ను కాక 1,80,000 అయ్యే పనికి ఇది 8,820 రూపాయల తేడా. పన్నును విడిగా చూపని కాగితంలో ఆ తగ్గింపు ఎవరి జేబులోకి వెళ్ళిందో చెప్పగలవారెవరు?

"మూడేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది" అన్నది మరొక మంత్రం. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున, నెలకు 360 యూనిట్లు లెక్కగట్టి 2,880 మిగులు చూపారు. మా ఇంటి వాడకం 200 యూనిట్లు. 2022-23 టారిఫ్ ఉత్తర్వులోని స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 57, తరువాతి 45కు 135, ఆపై 50కు 225, మిగిలిన 75కు 450. వెరసి 867 రూపాయలు. సుంకాలూ సర్దుబాటు చార్జీలూ కలిపినా 2,880 కాదు. కిలోవాట్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు అనుకుంటే మాకు 2 కిలోవాట్లు చాలు. నెలకు 400 యూనిట్లు దాటే ఇంటికి లెక్క వేరు, వారికి 3 కిలోవాట్లు లాభసాటి కావచ్చు. కాని బిల్లు చూడకుండా అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టేవాణ్ణి దర్జీ అనం.

ఇంతకంటె పెద్ద సంగతి స్టాండు. మనది గాలివానల సీమ. 1977 నవంబరు ఉప్పెన పెద్దలెవరూ మరువలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర దాటింది. డాబా వాడుకోవడానికి వీలుగా ఎత్తయిన స్టాండు మీద ప్యానెళ్ళు పరిస్తే అవి తెరచాపలే. ఎంత గాలికి తట్టుకొనేలా కట్టారు, జింకు పూత ఎన్ని మైక్రాన్లు, స్లాబులోకి దిగిన బోల్టుల చుట్టూ నీరు కారకుండా ఏం చేస్తారు? మూడు కాగితాలలోనూ దొరికిన సమాధానం రెండే మాటలు: "జీఐ స్ట్రక్చర్".

కొల్లేటి ఊళ్ళకు ఇంకా ప్రశ్నలున్నాయి. తేమగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఆటపాక వంటి చోట్ల పక్షులు కన్నుల పండుగే గాని, ప్యానెల్ మీద వాటి రెట్ట పడితే ఆ నీడ వరుస మొత్తం ఉత్పత్తిని కిందికి లాగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చివరకు చేరింది కొల్లేటికే. ఇన్వర్టర్‌ను ఏ ఎత్తులో బిగిస్తారని అడగడం అక్కడ అతిజాగ్రత్త కాదు. ప్యానెల్ మీద ముద్రించిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెల ఎండకు ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం తగ్గుతుంది.

"కరెంటు పోయినా మీకు దిగుల్లేదు" అన్న మాట మాత్రం క్షమించరానిది. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ పద్ధతిలో లైన్‌లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని దాచి అమ్మడం వ్యాపార చమత్కారం కాదు, అబద్ధం. "పాతికేళ్ళ వారంటీ" సంగతీ అంతే. అది సాధారణంగా ఉత్పత్తి ఏ మేరకు తగ్గవచ్చో చెప్పే హామీ. ప్యానెల్ లోపాలకు ఇచ్చే వారంటీ వేరు, ఇన్వర్టర్‌కు వేరు, పథకం కింద అమర్చినవారు చేయవలసిన అయిదేళ్ళ నిర్వహణ వేరు. నాలుగూ నాలుగు వరుసలలో రాయాలి.

ఈ కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కరపత్రం తెలుగులో, ఫోనులో తీపిమాట తెలుగులో, సంతకం పెట్టవలసిన షరతులు మాత్రం ఇంగ్లీషులో! కంప్యూటర్‌లో తెలుగు రాదన్న సాకు చెల్లే రోజులు ఎప్పుడో పోయాయి. అది పోవడానికి మనలో ఎందరు ఎన్ని రాత్రులు కూర్చున్నారో మనకు తెలుసు. ఆ అక్షరాలు కవితలకేనా? కైకలూరులో ఒక రైతు అప్పు తెచ్చి పెట్టించుకొనే వస్తువు షరతులు ఆయన భాషలో రాయడానికి పనికిరావా?

"జనం ధర ఒక్కటే అడుగుతున్నారు, మేమేం చేయం?" అన్నది అమ్మేవారి సమాధానం. అందులో కొంత నిజముంది. మంచి జింకుపూత వేసినవాడి ధర ఎక్కువవుతుంది, కాగితం మీద ఆ పూత కనబడదు, బేరం ఊడిపోతుంది. అంటే ఈ గుడ్డి కొటేషన్ వల్ల మొదట నష్టపోయేవాడు నిజాయితీగా పనిచేసేవాడే. వివరాలు రాయమని అడగడం అతనికి చేసే మేలు కూడా. నేను సోలార్‌కు విరోధినన్న మాటా విన్నాను. విరోధినైతే కొటేషన్లు తెప్పించుకొని ఇన్ని గంటలు ఎందుకు చదువుతాను?

మిత్రులకు మనవి ఇదే. ప్యానెల్, ఇన్వర్టర్ తయారీదారు పేరూ మోడలూ, స్టాండు వివరం, పన్ను విడిగా, సబ్సిడీకి ముందు ధర, నాలుగు రకాల హామీలు, అన్నీ తెలుగులో రాసిస్తేనే బయానా ఇవ్వండి. రాయనివారి ధర ఎంత తక్కువైనా పక్కన పెట్టండి. మా ముగ్గురికీ ఆ షరతు చెప్పాను. ఇద్దరు మళ్ళీ ఫోను ఎత్తలేదు. మూడవవారు రాసి తెస్తామన్నారు.