చీటీ ఊడిన పుస్తకం: యాజమాన్య చిహ్నాలూ తెలుగు పరిశోధనా

పుస్తకం ఎవరిదో తెలుపుతూ అట్ట లోపలివైపున అంటించే అచ్చుచీటీ బుక్‌ప్లేట్. ‘ఫలానావారి పుస్తకాలలోనిది’ అనే అర్థంలో ‘ఎక్స్ లిబ్రిస్’ అన్న లాటిన్ మాట, యజమాని పేరు, చుట్టూ వంశచిహ్నమో లతల అల్లికో దాని సామాన్య రూపం. ఈ చీటీల బొమ్మలను పోస్టుకార్డులుగా అచ్చువేసి, అందమైన పెట్టెలో పేర్చి అమ్మడం పాశ్చాత్యదేశాల్లో ఉంది. పెట్టె కొన్నవారికి బొమ్మ దక్కుతుంది, పుస్తకం దక్కదు. చీటీ చేసిన పని ఏమిటో కూడా మరుగున పడుతుంది.

ఆ పని అలంకారం కాదు. తొలి అచ్చుచీటీలలో ఒకటిగా పేరొందినది 1480 ప్రాంతపు జర్మనీది. డాలు పట్టిన దేవదూత ఆ కొయ్యచ్చు బొమ్మ. హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ బుక్స్‌హైం మఠానికి దానమిచ్చిన గ్రంథాలలో దానిని అంటించారు. అది దానపత్రం. 1883లో ఆ మఠ గ్రంథాలయం వేలంలో చెదిరిపోయింది. దేశదేశాల గ్రంథాలయాల్లో ఉన్న ఆ ప్రతులను నేడు గుర్తుపట్టడానికి ఆ చీటీ ఒక ఆధారం. అయితే లీస్టర్ వారెన్ బుక్‌ప్లేట్ల అధ్యయనంపై గ్రంథం వెలువరించిన 1880 నాటికే వీటిని సేకరించే మోజు బలపడింది. 1891లో లండన్‌లో దానికొక సంఘమూ ఏర్పడింది. ఆ మోజులో ఎందరో చీటీలను నీళ్లలో నానబెట్టి ఊడదీసి ఆల్బంలకు అంటించుకున్నారు. పెట్టెలోని పోస్టుకార్డు ఆ ఆల్బంకు వారసురాలు.

దీనిని చూసి తెలుగు పరిశోధకులు నవ్వుకోవడానికి వీలులేదు. అక్కడ పుస్తకాన్ని వదిలి చీటీని దాచారు, ఇక్కడ చీటీని వదిలి పుస్తకాన్ని దాస్తున్నారు. నష్టం ఒక్కటే.

తెలుగువారికి బుక్‌ప్లేట్ సంప్రదాయమే లేదు కదా అనవచ్చు. రూపం లేకపోతే లేకపోవచ్చు. తాళపత్రం చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం, ఎవరికోసం రాశాడో చెప్పి, తప్పులు మన్నించమని వేడుకునే వాక్యాలు చేసేదీ ఆ పనే. అచ్చు పుస్తకాల మీద రబ్బరు ముద్రలు, ‘సప్రేమ కానుక’లు, సిరా సంతకాలు, కొన్న తేదీ, ఊరి పేరు దాని కొనసాగింపు. 1901లో హైదరాబాదులో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థల ముద్ర ఉన్న ప్రతి మరొకచోట దొరికితే, పుస్తకం నడిచిన దారి కొంత తెలుస్తుంది. ఇవి సాహిత్యేతర విషయాలు అని తోసిపుచ్చేవారు పాఠకుల చరిత్రను దేని ఆధారంతో రాస్తారో చెప్పాలి. ‘కన్యాశుల్కం’ 1897 ప్రతికి, 1909 ప్రతికి గల భేదాలు అందరూ ఎంచుతారు. మొదటి ముద్రణ ఆనందగజపతికి అంకితమని తెలియని విద్యార్థి లేడు. ఆ ముద్రణ ప్రతులు ఎవరెవరి ఇళ్లకు చేరాయి, ఎవరు మార్జిన్లలో రాసుకున్నారు అన్న ప్రశ్న మాత్రం సిద్ధాంతవ్యాసాల్లో అరుదు. అచ్చయిన అంకితానికి ఉన్న గౌరవం చేతిరాత కానుకమాటకు లేదు.

గుర్తుకూ దాని స్థానానికీ గల సంబంధం ఎంత విలువైనదో విజయనగరం దగ్గరి రామతీర్థం చెబుతుంది. అక్కడి గురుభక్తకొండ, దుర్గకొండల మీది బౌద్ధారామాలను అలెగ్జాండర్ రే తవ్వించిన వివరాలు పురావస్తుశాఖ 1910-11 నివేదికలో ఉన్నాయి. అక్కడ భిక్షుసంఘాన్ని పేర్కొనే ఒక మట్టిముద్ర దొరికింది. ఆ ముద్ర వేసిన వస్తువు నేడు లేదు. అయినా ముద్ర ఎక్కడిదో తెలుసు కాబట్టి అది చరిత్రకు సాక్ష్యం. అదే ముద్ర ఊరూ పేరూ లేకుండా అంగట్లో దొరికి ఉంటే మట్టిబిళ్ల మాత్రమే. పురావస్తువు విషయంలో ఈ నియమాన్ని ఒప్పుకునే విద్వాంసులే పుస్తకం దగ్గరకు వచ్చేసరికి దానిని మరచిపోవడం వింత.

సాధనాలు లేవనడమూ చెల్లదు. గ్రంథాలయ సూచీలకు వాడే మార్క్ 21 పద్ధతిలో పూర్వ యాజమాన్యం నమోదు చేయడానికి 561వ క్షేత్రం ఉంది. అరుదైన తెలుగు పుస్తకాలకైనా దానిని నింపాలి. ఉపయుక్త గ్రంథసూచిలో ముద్రణ సంవత్సరంతో ఆగక, అరుదైన గ్రంథమైతే ఏ గ్రంథాలయపు ప్రతి, దాని పరిగ్రహణ సంఖ్య ఎంత, దానిమీద ఎవరి గుర్తులున్నాయి అన్నవీ రాయాలి. స్కానింగులో ముఖపత్రం నుంచి మొదలుపెట్టే అలవాటు మాని, అట్ట లోపలి పుటనూ ఖాళీ కాగితాలనూ చేర్చాలి. ఇక బైండింగుకు పంపే పుస్తకాల అట్టలను, వాటి లోపలి కాగితాలను చించి చెత్తబుట్టలో వేసే ముందు, వాటిమీద పేర్లున్నాయేమో చూడడానికి పుస్తకానికి ఒక నిమిషం చాలు.